నానో కీమో తగువు: 2004లోనే తేలిన లెక్క

చెన్నైలో నానో కీమో రాసిచ్చారు; ఊరికొస్తే మామూలు డాక్సోరూబిసిన్ అనే పాత కీమో మందే చాలంటున్నారు. నెల్లూరు, కావలి, ఒంగోలు... రొమ్ము క్యాన్సర్ రోగుల ఇళ్లలో మళ్లీ ఇదే తర్జనభర్జన. నానో మందు నేరుగా క్యాన్సర్ కణంలోకే దూరుతుందని, అప్పు చేసైనా కొనాలని ఒక వాదన.

నానో మందంటే అదే డాక్సోరూబిసిన్‌ను లైపోసోమ్ అనే కొవ్వు బుడగలో నింపినది; 1995లో అమెరికా అనుమతి వచ్చింది. తగువు తేల్చేది 2004లో వెలువడిన పరీక్ష. జబ్బు వేరే భాగాలకు పాకిన 509 మంది మహిళల్లో కొందరికి 4 వారాలకోసారి చదరపు మీటరుకు 50 మి.గ్రా. నానో మందు, మిగతావారికి 3 వారాలకోసారి 60 మి.గ్రా. పాతది ఎక్కించారు. జబ్బు ముదరకుండా ఆగింది నానోతో 6.9 నెలలు, పాతదానితో 7.8. బతికింది 21, 22 నెలలు. దాదాపు సమానం. నానో గెలిచింది గుండె దగ్గర: దెబ్బతినడం బాగా తగ్గింది. జుట్టు ఊడటం కూడా 66 శాతం నుంచి 20కి దిగింది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కడం మాత్రం 2 శాతం నుంచి 48కి ఎగబాకింది.

'నేరుగా కణంలోకి' అన్న మాటకు మూలం 1986. కంతిలోని రక్తనాళాలు కారుతుంటాయని, పెద్ద అణువులు అక్కడే నిలిచిపోతాయని జపాన్‌లో మత్సుమురా, మయేడా చూపారు. నిజమే, కానీ ఎంత? పదేళ్ల జంతు ప్రయోగాలను 2016లో కలిపి చూస్తే, ఎక్కించిన నానో కణాల్లో కంతికి చేరినవి మధ్యస్థంగా 0.7 శాతం.

అమ్మేవాళ్ల వాదనకు బలమున్నది పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందులో. ఆముదం నుంచి చేసే ద్రావకం తీసేసి అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్‌తో కట్టాక మోతాదు చదరపు మీటరుకు 175 నుంచి 260 మి.గ్రా.కి పెంచగలిగారు. కంతి తగ్గినవారు 19 శాతం నుంచి 33కి పెరిగారు.

కాబట్టి డాక్సోరూబిసిన్‌లో ధర కంటే ముందు చూడాల్సింది ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు, ఇప్పటిదాకా ఎక్కిన మొత్తం మోతాదు. గుండె బలహీనమైతే, లేదా మొత్తం చదరపు మీటరుకు 450–550 మి.గ్రా. దరిదాపుల్లో ఉంటే నానోకు అర్థముంది. ఒకదాని మోతాదు లెక్కన రెండోది ఎక్కించకూడదు. నానో మందు సీసా 2–8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డకట్టకూడదు. చెన్నై నుంచి తెస్తే ఐసు ముక్కలకు నేరుగా ఆనించొద్దు. కలపాల్సింది 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే, ఉప్పునీటి సెలైన్‌లో కాదు. మొదట నిమిషానికి 1 మి.గ్రా. వేగం, నడుం నొప్పి, ఆయాసం వస్తే ఆపేయాలి.

అరికాళ్ల మంట ఎక్కువగా రెండు, మూడు విడతలయ్యాక మొదలవుతుంది. పొగాకు బ్యారన్ వేడి, ఎండలో వట్టికాళ్ల నడక, వేడినీళ్లు దాన్ని పెంచుతాయి. పొక్కులు లేచేదాకా ఆగకుండా చెబితే డాక్టరు తర్వాతి విడత వాయిదా వేస్తారు, లేదా మోతాదు తగ్గిస్తారు.