తుపాకీ షాపు దాకా చేరని కాగితం

అమెరికాలో ఎక్కడ కాల్పులు జరిగినా మర్నాటికల్లా ఎవరో ఒక నాయకుడు అనే మాట ఒకటుంది: తప్పు తుపాకీది కాదు, మానసిక రోగిది అని. నిజానికి మానసిక రోగుల్లో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. 2021లో అక్కడ తుపాకీతో పోయిన 48 వేల పైచిలుకు మందిలో 26 వేల మందికి పైగా తమను తాము కాల్చుకున్నవాళ్లే. సరే, ఆ నాయకుల మాటే నిజమనుకుందాం. మరి ఆ రోగికి వైద్యం ఏమైంది? అతని సంగతి తుపాకీ అమ్మేవాడికి ఎలా తెలుస్తుంది?

1955లో రాష్ట్రాల మానసిక ఆసుపత్రుల్లో సుమారు 5.6 లక్షల మంది ఉండేవారు. చాలావాటికి ఆసుపత్రి అన్నది పేరు మాత్రమే, లోపల బందెలదొడ్డి. మానసిక జబ్బులకు థొరాజిన్ అనే మందు వచ్చాక, ఇంటి దగ్గర ఉండి కూడా నయం చేసుకోవచ్చన్న ఆశ పుట్టింది. అధ్యక్షుడు కెనెడీకి ఇది సొంత ఇంటి బాధ కూడా, ఎందుకంటే తండ్రి చేయించిన మెదడు ఆపరేషన్ వికటించి చెల్లెలు రోజ్‌మేరీ జీవితం పాడైపోయింది. 1963 అక్టోబర్ 31న, ఎక్కడికక్కడ మానసిక ఆరోగ్య కేంద్రాలు కట్టే చట్టం మీద ఆయన సంతకం పెట్టాడు. మూడు వారాలు తిరిగేసరికి, పోస్టులో తెప్పించుకున్న రైఫిల్‌తో ఆయన్నే కాల్చి చంపారు.

అనుకున్న 1,500 కేంద్రాల్లో దాదాపు సగమే వచ్చాయి. ఆసుపత్రులు మాత్రం ఖాళీ అవుతూనే పోయాయి. 1965లో వచ్చిన మెడికెయిడ్ అనే పేదల వైద్య పథకం, మానసిక ఆసుపత్రుల్లో ఉన్న 65 ఏళ్ల లోపువాళ్లకు డబ్బు ఇవ్వనంది, దాంతో రాష్ట్రాలకు వాళ్లను బయటికి పంపడమే లాభసాటి అయింది. బయటికొచ్చినవాళ్లలో ఎందరో ఫుట్‌పాత్‌ల మీద, చివరికి జైళ్లలో తేలారు.

1968 తుపాకుల చట్టం, కోర్టు మతిస్థిమితం లేదని తేల్చినవాళ్లకూ బలవంతంగా ఆసుపత్రిలో చేర్చినవాళ్లకూ తుపాకీ అమ్మకూడదంది. చూసేదెవరు? కొనేవాడే ఫారంలో రాసి సంతకం పెట్టాలి, అంతే!

డాలస్ తాకట్టు షాపులో కొన్న రివాల్వర్‌తో 1981 మార్చిలో అధ్యక్షుడు రీగన్‌ను కాల్చినవాడు అప్పటికే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తున్నాడు. అదే ఏడాది ఆగస్టులో, అంతకుముందు అధ్యక్షుడు కార్టర్ తెచ్చిన మానసిక ఆరోగ్య చట్టాన్ని దాదాపు మొత్తం రద్దు చేసే బడ్జెట్ మీద రీగన్ సంతకం పెట్టాడు. ఆ కాల్పుల్లో గాయపడ్డ రీగన్ ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రాడీ పేరుతో, తుపాకీ కొనేవాడి పాత రికార్డు చూసే తనిఖీ చట్టం రావడానికి 1993 దాకా పట్టింది, కంప్యూటర్ తనిఖీకి 1998. ఈలోగా 1997లో సుప్రీంకోర్టు, కేంద్రం తన తనిఖీ పనిని రాష్ట్రాల అధికారుల చేత బలవంతాన చేయించకూడదంది. దాంతో రోగుల రికార్డులు పంపడం రాష్ట్రాల ఇష్టమైపోయింది.

దాని ఫలితం 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి జరిపిన కాల్పుల్లో కనిపించింది. 2005 డిసెంబర్‌లోనే ఆ కుర్రాడి వల్ల అతనికే ప్రమాదముందని కోర్టు తేల్చి, అవుట్ పేషెంట్‌గా వైద్యం చేయించుకోమంది. ఆసుపత్రిలో చేర్చలేదు కాబట్టి పేరు పంపక్కర్లేదని వర్జీనియా అనుకుంది. రెండు షాపుల్లో రెండు పిస్తోళ్లు కొన్నాడు, రెండుసార్లూ తనిఖీ ఓకే అంది. 32 మంది పోయారు.

తర్వాత చట్టం సవరించారు, చాలా రాష్ట్రాలు రికార్డులు పంపడం మొదలుపెట్టాయి. అయినా 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో 8 మందిని చంపినవాడు తన తుపాకులు చట్టప్రకారమే కొన్నాడు. 2008లో సైన్యం అతన్ని మానసిక కారణాలతో మూడు నెలలకే ఇంటికి పంపేసింది, కానీ ఆ కాగితం తనిఖీలో కనపడే రకం కాదు. చనిపోయినవాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ ఇంజినీరుగా పనిచేస్తున్న తెలుగమ్మాయి ఒకరు.