సీబీపీ రిపోర్టులో చివరి సున్నా

మన దగ్గర రక్తపరీక్ష అంటే సీబీపీయే. రిపోర్టు రాగానే హిమోగ్లోబిన్ ఎంతుంది, ప్లేట్‌లెట్లు తగ్గాయా అని చూస్తాం, డెంగీ సీజన్‌లో అయితే ప్లేట్‌లెట్లే ముందు. తెల్ల కణాల జాబితాలో చివరన ఉండే బేసోఫిల్స్ మీదికి ఎవరి చూపూ పోదు. అందులో తప్పేం లేదు, అక్కడ మామూలుగా 0 గానీ 1 గానీ ఉంటుంది.

వీటిని 1879లో గుర్తించింది జర్మనీకి చెందిన పాల్ ఎర్లిక్. ఆయనకు రంగుల పిచ్చి, దేనికి ఏ రంగు పడుతుందో చూడందే నిద్రపట్టని రకం. క్షార గుణం ఉన్న రంగు వేస్తే ఈ కణాల్లోని రేణువులు దాన్ని పీల్చుకుని, కేంద్రకం కూడా సరిగా కనపడనంత ముదురు ఊదాగా మారతాయి. ఆ రేణువుల్లో ఉండేది హిస్టమిన్, దురద పుట్టించే పదార్థమే. అందుకే ఇవి విపరీతంగా పెరిగిన మనిషికి ఒళ్లంతా దురద, ముఖం ఎర్రబడటం, కడుపులో పుండ్లు, విరేచనాలు రావచ్చు, పాపం చర్మ డాక్టరు దగ్గరికీ పొట్ట డాక్టరు దగ్గరికీ తిరుగుతాడు తప్ప రక్తం సంగతి అనుకోడు.

ఇక్కడ శాతం మనల్ని మోసం చేస్తుంది. బేసోఫిల్స్ 3 శాతం అనుకుందాం. మొత్తం తెల్ల కణాలు 6,000 ఉంటే అవి 180, పెద్ద టెన్షన్ అక్కర్లేదు. అదే 3 శాతం, మొత్తం 1,20,000 ఉన్న మనిషిలో 3,600. మైక్రోలీటరుకు వెయ్యి, ఆ పైన ఉండి, తగ్గకుండా అలాగే నిలిచిపోతే దాన్ని హైపర్‌బేసోఫీలియా అనాలని 2015-16లో సమావేశమైన నిపుణులు ప్రతిపాదించారు. ఎలర్జీలోనూ థైరాయిడ్ తక్కువైనప్పుడూ ఇవి కాస్త పెరుగుతాయి గానీ, వెయ్యి దాటి నిలిచాయంటే మూలం ఎముక మజ్జలో ఉండే అవకాశమే ఎక్కువ.

అయితే ముందు ఆ అంకె నిజమో కాదో తేల్చాలి. కొన్ని మెషిన్లు ఆమ్ల ద్రావణంలో చితికిపోకుండా మిగిలిన కణాన్ని బేసోఫిల్ అని లెక్కేస్తాయి, అలా మొండిగా మిగిలేది బ్లాస్ట్ కణం (ఇంకా ఎదగని పసి రక్త కణం) అయినా సరే. కాబట్టి స్లైడు మీద కంటితో చూడాల్సిందే. అక్కడా ఒక చిక్కుంది, ఈ రేణువులు నీళ్లలో కరిగిపోతాయి, రంగు వేసి కడిగేటప్పుడు కొట్టుకుపోయి కణం ఖాళీగా కనిపిస్తుంది. అనుమానం ఉంటే టొలుయిడిన్ బ్లూ వాడతారు, పేరుకు నీలమే, రేణువులు మాత్రం ఎర్రటి ఊదాగా తేలతాయి.

తర్వాత అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఇది సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ ల్యుకీమియా, ఒక రకం రక్త క్యాన్సర్) కాదు కదా? 1960లో ఫిలడెల్ఫియాలో ఈ రోగుల కణాల్లో ఒక పొట్టి క్రోమోజోము దొరికింది, అది 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైతే పుట్టిందని 1973లో అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ చూపించారు. దాని ఫలితంగా పుట్టే బీసీఆర్-ఏబీఎల్ జన్యువు ఉందో లేదో మామూలు రక్త నమూనాతోనే తెలుస్తుంది. ఉంటే అది సీఎంఎల్, దానికి 2001 నుంచి ఇమాటినిబ్ మాత్రలున్నాయి (హైదరాబాద్ నాట్కో 2003లోనే చౌకగా తెచ్చింది). అప్పుడు కూడా బేసోఫిల్స్‌ని వదలరు: జబ్బు రిస్కును అంచనా వేసే యూటోస్ అనే స్కోరులో వాటి శాతాన్ని 7తో, పక్కటెముకల కిందికి దిగిన ప్లీహాన్ని సెంటీమీటర్లలో కొలిచి 4తో హెచ్చించి కలుపుతారు. బేసోఫిల్స్ 8, ప్లీహం 10 అయితే 96. 87 దాటింది కాబట్టి రిస్కు ఎక్కువ.

ఆ జన్యువు లేకపోతే అసలు వెతుకులాట అప్పుడు మొదలవుతుంది. జాక్-2 లాంటి జన్యువుల్లో మార్పులు, మజ్జ బయాప్సీ, ఇవి బేసోఫిల్స్‌లాగే హిస్టమిన్ రేణువులుండే మాస్ట్ కణాలు కావని తేల్చడానికి, కణాల మీది ప్రోటీన్లను గుర్తించే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష (మాస్ట్ కణాల మీద సీడీ117 అనే ప్రోటీన్ గట్టిగా కనిపిస్తుంది, బేసోఫిల్స్ మీద అలా ఉండదు). బ్లాస్టులు 20 శాతం దాటితే కథ తీవ్ర ల్యుకీమియా వైపు పోతుంది. ఎక్కువసార్లు వేరే మజ్జ జబ్బే బయటపడి, దాని పేరు చివర ‘బేసో’ అని తోక చేరుతుంది. ఏ పాత జబ్బూ దొరకని, అసలు సిసలు దీర్ఘకాలిక బేసోఫిలిక్ ల్యుకీమియా ఎంత అరుదంటే, ఆ మాట రిపోర్టులో రాసే ముందు పాథాలజిస్టు స్లైడును ఇంకొకరికి చూపించి మళ్లీ లెక్కపెట్టిస్తే ఆశ్చర్యం లేదు.