దీర్ఘవ్యాధులపై ఆరోగ్య విద్య: పల్లె వృద్ధుల వంతు వెనకబడిన తీరు

మధుమేహం, అధిక రక్తపోటు, కీళ్లవాపు వంటి జబ్బులతో పల్లెల్లో బతుకుతున్న వృద్ధులకు ఆరోగ్య విద్య సరిగా అందడం లేదన్న మాట తరచుగా వినిపిస్తుంది గానీ, ఆ విద్య మొదట ఎవరికోసం రూపుదిద్దుకుందో చూస్తే ఆశ్చర్యం కలగదు. తొలినాళ్ల ప్రచారం ఎక్కువగా అంటువ్యాధులు, పారిశుద్ధ్యం, తల్లీబిడ్డల సంరక్షణ గురించే సాగింది. టీకా వేయించమనో, నీళ్లు కాచి తాగమనో చెబితే పని జరిగే సందర్భాలవి. ఏళ్ల తరబడి వదలని జబ్బుకు అలాంటి ఒక్క సలహా చాలదు.

రోగికే తన వైద్యం నేర్పాలన్న ఆలోచనకు మధుమేహం బలం చేకూర్చింది. అమెరికా వైద్యుడు ఇలియట్ జోస్లిన్ 1918లోనే రోగుల కోసం కరదీపిక ప్రచురించారు. 1922లో టొరంటోలో ఇన్సులిన్ వాడకం మొదలైన తరవాత సూది వేసుకోవడం, మూత్రంలో చక్కెర చూసుకోవడం, తిండి తూచుకోవడం రోగి ఇంటిపనులయ్యాయి. అయితే పుస్తకంతో నడిచే చదువు, అక్షరం వచ్చినవారికే అక్కరకొచ్చింది.

1978లో నాటి సోవియట్ కజకిస్తాన్‌లోని ఆల్మా ఆటా నగరంలో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు వెలువరించిన ప్రకటన, ప్రాథమిక ఆరోగ్య సేవల జాబితాలో ఆరోగ్య విద్యను మొదటి అంశంగా పేర్కొంది. కానీ మరుసటి ఏడాదే, ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనిపించే కొన్ని పనులకే పరిమితం కావాలన్న వాదన ముందుకొచ్చింది. 1980లలో యూనిసెఫ్ పిల్లల ఎదుగుదల పరిశీలన, నోటిద్వారా ఇచ్చే లవణ ద్రావణం, తల్లిపాలు, టీకాలపై దృష్టి పెట్టింది. పసిప్రాణాలను కాపాడిన ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టమే. పల్లె ఆరోగ్య కార్యకర్త శిక్షణలో ముసలివారి జబ్బులకు చోటు దొరక్కపోవడానికి మాత్రం అదీ ఒక కారణం.

ఇంతలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ బృందం కీళ్లవాపు రోగులతో మొదలుపెట్టి, తరవాత రకరకాల దీర్ఘవ్యాధులున్నవారిని ఒకేచోట కూర్చోబెట్టే ఆరు వారాల తరగతులను రూపొందించింది. వాటిని నడిపేది చాలావరకు అదే బాధ ఎరిగిన సామాన్యులు. జబ్బు గురించి తెలియడం ఒకటి, దాన్ని సంబాళించుకోగలనన్న ధీమా మరొకటి అని గుర్తించడమే ఇందులోని అసలు మలుపు. అయినా వారం వారం ఒకచోటికి చేరాలన్న షరతు, బస్సు దొరకని ఊళ్లో మోకాళ్లు సహకరించని మనిషికి అడ్డంకే.

పాఠంలోనూ చిక్కుంది. 2005లో సింథియా బాయిడ్ తదితర పరిశోధకులు అయిదు జబ్బులున్న 79 ఏళ్ల స్త్రీని ఊహించి, ఒక్కో జబ్బు మార్గదర్శకాలను పాటిస్తే ఆమె 12 రకాల మందులు వాడవలసి వస్తుందని లెక్కగట్టారు. ఆహారం, వ్యాయామం, పరీక్షల గురించిన సూచనలు దీనికి అదనం. ఒక్కో జబ్బుకు ఒక్కో కరపత్రం ఇచ్చే పద్ధతిలో, వీటన్నిటినీ కలిపి చెప్పవలసిన బాధ్యత ఎవరిదో తేలదు.