అవక్షేప శిల, నాపరాయి: బడి పుస్తకంలో భూమి మాటల వెనుక కథ

భూమి గురించి బడిలో చదివే తొలి పాఠాల్లోనే భూపటలం, భూప్రావారం, అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల, శైథిల్యం, క్రమక్షయం వంటి మాటలు పిల్లలకు వరసగా ఎదురవుతాయి. ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు వీటికి ఎదురు పేజీలోనే ఇంగ్లిష్ పేర్లు కూడా ఉంటున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అయితే ఎటువైపు పేజీ చదివినా ఆ మాట పిల్లవాడు ఇంట్లో ఎన్నడూ విన్నది కాదు. తెలుగు పేజీ కూడా ఇంత కొత్తగా ఎందుకుందో తెలియాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

అక్షాంశం, రేఖాంశం, గ్రహణం లాంటివి జ్యోతిష గణితం నుంచి వచ్చిన పాత మాటలు. రాళ్ల గురించి, భూమి లోపలి పొరల గురించి ఆధునిక శాస్త్రం చెప్పిన సంగతులకు మాత్రం తెలుగులో రాసే ప్రతివారూ పేర్లు వెతుక్కోవాల్సి వచ్చింది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, ఆయన మిత్రులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. ఇంగ్లిష్ రాని తెలుగువాళ్లకు చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు వాళ్ల భాషలోనే అందాలన్నది ఆ మండలి పట్టుదల. అంత పెద్ద పనిని అంత తక్కువ వనరులతో తలకెత్తుకున్నవాళ్లు మన భాషలో చాలా తక్కువ. పారిభాషిక పదకోశం అంటూ చేతిలో ఏమీ లేని రోజుల్లో వాళ్లకు దగ్గరగా దొరికిన ఆధారం సంస్కృతం.

హైదరాబాదు రాజ్యంలో దారి వేరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించింది. అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడి, శాస్త్రాలన్నిటికీ ఉర్దూ మాటలు తయారుచేసింది. మూలం అరబీ, పారశీకాలు. భూమధ్యరేఖ అక్కడ ఖత్తే ఇస్తివా. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన తెలుగు విద్యార్థికి అది కూడా ఇంటి మాట కాదు.

స్వాతంత్ర్యం తర్వాత కేంద్ర ప్రభుత్వం 1961లో శాస్త్ర, సాంకేతిక పదావళి సంఘాన్ని నియమించింది. మూలకాల పేర్లు, కొలతలు, వ్యక్తుల పేర్ల మీద ఏర్పడిన మాటలు అంతర్జాతీయంగా ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని, భావనలను చెప్పే మాటలు సంస్కృత ధాతువుల నుంచి తీసుకుంటే భారతీయ భాషలన్నిటిలో వీలైనంత పోలిక ఉంటుందని ఆ సంఘం సూత్రాలు చెప్పాయి. వాడుకలో స్థిరపడిన దేశీయ పదాలను వదులుకోవద్దని కూడా వాటిలో ఉంది. 1968లో పి.వి. నరసింహారావు చొరవతో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పుస్తకాలతో పాటు శాస్త్రాల వారీగా పారిభాషిక పదకోశాలు తెచ్చింది. తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియెట్, డిగ్రీ చదివిన తరాలకు ఆ పుస్తకాలే దిక్కయ్యాయి. వాటి రుణం చిన్నది కాదు.

ఆ సూత్రాల్లో సంస్కృతం నుంచి తీసుకోవాలన్నది నిలబడినంతగా, దేశీయ పదాలను వదులుకోవద్దన్నది నిలబడలేదన్నదే నా బాధ. భాషలన్నిటిలో పోలిక ఉండాలన్న ఆశ కూడా పూర్తిగా నెరవేరలేదు. మనం అవక్షేప శిల అంటే హిందీ పుస్తకం అవసాదీ అంటుంది. ప్రావారం అంటే ఒంటి మీద కప్పుకునే వస్త్రం. భూమి లోపలి పొరకు చక్కటి పేరే. కానీ ఆ అర్థం పాఠంలో చెప్పకపోవడంతో పిల్లలకు అది వట్టి శబ్దంగా మిగిలింది.

నేలల పాఠంలో ఈ ఇబ్బంది తక్కువ. నల్లరేగడి, ఒండ్రు, చౌడు మాటలు పాఠ్యపుస్తకాల్లో దర్జాగా ఉన్నాయి, ఎందుకంటే సేద్యం వాటిని వదలనివ్వలేదు. రాళ్ల పాఠానికి వచ్చేసరికి రైతు, బావి తవ్వేవాడు, రాళ్లు కొట్టేవాడు మాయమవుతారు. రాయలసీమలోనో తెలంగాణలోనో గ్రానైట్ నేల మీద కొత్తగా తవ్విన బావిలోకి తొంగి చూడండి. పైన మూరెడో బారెడో ఎర్రమట్టి. దాని కింద చేత్తో నలిపితే గరగరలాడుతూ పొడి అయ్యే మొరం. అందులో అక్కడక్కడా ఇంకా కరగని రాతి గుండ్లు. అడుగున గునపానికి లొంగని రాయి. కింది రాయే పగిలి, నాని, మెత్తబడి మొరమై, మొరం మట్టి అవుతుంది. శైథిల్యం అని పుస్తకం నిర్వచనంతో చెప్పేది ఈ గోడ మీద పై నుంచి కింది దాకా కనిపిస్తుంది. బావి తవ్వేవాడికి ఈ పొరలన్నిటికీ పేర్లున్నాయి. పాఠంలో మాత్రం మొరం అన్న మాట కానరాదు.

నాపరాయి సంగతీ అంతే. బేతంచెర్ల నాపరాయి, తాండూరు బండ పరిచిన తరగతి గదుల్లో కూర్చుని పిల్లలు అవక్షేప శిలలు పొరలు పొరలుగా ఏర్పడతాయని వల్లె వేస్తారు. ఆ బండలు 50 కోట్ల ఏళ్లకు పైబడిన సున్నపురాయి. ఒకప్పటి సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నవి కాబట్టే ఉలి పెట్టి కొడితే పలకలుగా విడివడతాయి.

విచిత్రం ఏమిటంటే, బయటి శాస్త్రవేత్తలు ఈ నేల మాటలను తీసుకోవడానికి వెనకాడలేదు. దక్షిణ భారత భూవిజ్ఞానం మీద 1840ల్లో రాసిన న్యూబోల్డ్ నల్లనేలను రేగర్ అన్నాడు. అది మన రేగడే అంటారు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలా సముదాయాలను ఆ ఊళ్ల పేర్లతోనే వర్ణించాడు. గోండుల పేరు గోండ్వానా అయి ఒక ప్రాచీన మహాఖండానికి స్థిరపడింది. విశాఖ కొండల్లో కనిపించే ఖోండలైట్ అనే రాయికి 1902లో వాకర్ పెట్టిన ఆ పేరు ఖోండు గిరిజనులది. మన పదకోశాలు రాసేటప్పుడు ఈ ధైర్యం మనకు ఎందుకు తగ్గిందో ఆలోచించాలి. చదువుకున్న భాష గౌరవంగా ఉండాలన్న పట్టింపు అందులో ఒక పాలు ఉందని నా నమ్మకం.

రాష్ట్రం విడిపోయాక అకాడమీ కూడా విడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2021లో తెలుగు-సంస్కృత అకాడమీ అయింది. పాఠ్యపుస్తకాలూ వేరు దారులు పట్టాయి. ఇప్పుడు కొత్త మాటలు పుట్టించనక్కర్లేదు. అగ్నిశిల, అవక్షేప శిల పరీక్షల్లో, పై చదువుల్లో పాతుకుపోయాయి, వాటిని ఉండనివ్వండి. పాఠం చివర ఇంగ్లిష్, తెలుగు పదాల పట్టికలో ఊరి మాటకు ఇంకో గడి చేర్చాలి. అక్కడ అవక్షేప శిలకు నాపరాయి, శైథిల్యానికి మొరం, క్వార్ట్జ్‌కు పలుగురాయి ఉదాహరణలుగా రావాలి. ఏ ప్రాంతంలో ఏమంటారో రాసుకోవడానికి ఒక గీత ఖాళీగా వదలాలి, దాన్ని పిల్లలు ఇంట్లో అడిగి నింపుతారు.