కనుమ మర్నాటి అన్నం వడలు

కనుమ నాడు కాకైనా ప్రయాణం కట్టదంటారు. అందువల్ల ముక్కనుమ ఉదయానికి ఇంట్లో చుట్టాలూ మిగులుతారు, ముందురోజు వండిన అన్నమూ మిగులుతుంది. ఆ అన్నంలో శనగపిండి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు కలిపి, అరచేతిలో తట్టి నూనెలో వేస్తే భోజనానికి ముందు తలా రెండు వడలు వస్తాయి. పారేయడానికి మనసొప్పక చేసే సర్దుబాటుగా దీన్ని చాలామంది చూస్తారు కానీ, ఈ వంటకు అప్పుడే దించిన అన్నం కంటే నిన్నటి అన్నమే తగినది.

బియ్యపు గింజలోని పిండిపదార్థంలో రెండు రకాల అణువులుంటాయి: పొడవైన గొలుసు వంటి అమైలోజ్, గుబురుగా కొమ్మలు వేసిన అమైలోపెక్టిన్. ఎసరు వేడి 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్యకు చేరేసరికి వీటి బిగువైన అమరిక సడలి, గింజ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది; మెతుకు పట్టి చూసి ఉడికిందని మనం చెప్పేది ఈ మార్పు గురించే. అన్నం చల్లారుతున్నకొద్దీ సడలిన గొలుసులు మళ్లీ ఒకదాని పక్కన మరొకటి చేరి, తమ మధ్యనున్న నీటిని కొంత బయటికి నెట్టి గట్టిపడతాయి. అమైలోజ్ కొన్ని గంటల్లోనే ఇలా సర్దుకుంటుంది, అమైలోపెక్టిన్‌కు రోజులు పడుతుంది. రిట్రోగ్రెడేషన్ అనే ఈ ప్రక్రియ 4 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా ఫ్రిజ్ చల్లదనంలో, చురుకుగా సాగుతుంది. పప్పు కలుపుకొని తినేవారికి విసుగు పుట్టించే ఆ బిరుసే వడకు పనికొచ్చే గుణం: మెతుకులు జావగా కరగకుండా నిలుస్తాయి, పైతడి తక్కువ కాబట్టి శనగపిండి కొద్దిగా చాలు.

నూనె 170–180 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు వడ పైపొరలోని నీరు ఆవిరై బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది, ఆ ఒరవడి ఉన్నంతసేపూ నూనె లోపలికి అంతగా చొరబడలేదు. పైపొర ఎండాక దాని వేడి 140 డిగ్రీలు దాటి, శనగపిండి మాంసకృత్తులకూ చక్కెరలకూ మధ్య మెయార్ చర్య మొదలవుతుంది. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయి కమీ మెయార్ వివరించిన ఈ చర్యే ఎర్రని రంగుకూ కమ్మని వాసనకూ మూలం. నూనెలో ఎక్కువ భాగం వడలోకి వెళ్లేది నిజానికి బాండీలోంచి తీశాక, లోపలి ఆవిరి చల్లబడి కుంచించుకుపోతూ పైనున్న నూనెను పీల్చినప్పుడు. కాబట్టి జల్లిగరిటెలో ఒక్క క్షణం గట్టిగా విదిలించడం వృథా శ్రమ కాదు.

అయితే ఈ వడ తినదగినదా కాదా అన్నది బాండీ దగ్గర కాదు, ముందురోజు రాత్రే తేలిపోతుంది. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చని గిన్నెలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, సెర్యులైడ్ అనే వాంతులు కలిగించే విషాన్ని తయారుచేయగలవు. ఆ విషం 121 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది, దాని ఉనికిని వాసన పట్టించదు. బాక్టీరియాను చంపే నూనె వేడి అది వదిలిన విషాన్ని ఏమీ చేయలేదు. కనుక రాత్రంతా పొయ్యి గట్టు మీద మూతపెట్టి ఉంచిన అన్నాన్ని ఎంత కరకరలాడేలా వేయించినా లాభం లేదు. భోజనాలు ముగిసిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా ఆరబెట్టి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. పెద్ద గిన్నెలో కుప్పగా ఉంచితే నడిమి అన్నం చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది.

మిగిలింది పులిహోర అయితే చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఈ బాక్టీరియా ఎదుగుదలను కొంత అణచిపెడుతుంది. కానీ పులుపు అన్ని మెతుకులకూ సమానంగా పట్టదు కాబట్టి దాన్ని కూడా ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. ఆ ఆమ్లమే మెయార్ చర్యను కూడా మందగింపజేస్తుంది గనుక పులిహోర వడలు అంత ఎర్రగా వేగవు. రంగు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే గట్టిపడిపోతాయి.