పింఛను లేని సైనికుడు వ్యాపారం పెట్టాలంటే

అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల కోసం సైన్యంలో చేరే అగ్నివీరుల తొలి బ్యాచ్‌లు 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లాయి. నాలుగేళ్లు నిండాక వారిలో గరిష్ఠంగా నాలుగో వంతు మందినే సైన్యం ఉంచుకుంటుంది. మిగతావాళ్లు పాతికేళ్లు అటూఇటూగా ఇంటికి వస్తారు. చేతికందే సేవా నిధి సుమారు 11.71 లక్షల రూపాయలు. అందులో ప్రభుత్వం వేసిన వాటాతో సమానమైన మొత్తం వాళ్ల జీతంలోంచి నెలనెలా తీసినదే. ఆ డబ్బుతో సొంతంగా వ్యాపారం పెట్టుకోవచ్చని పథకం ప్రకటించిన రోజు నుంచీ చెబుతున్నారు. ఇన్నేళ్లుగా మాజీ సైనికుల వ్యాపారాలు దేని మీద నిలబడ్డాయో చూస్తే, ఆ మాటలో లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

పాత పద్ధతిలో చేరిన జవాను సాధారణంగా నలభై ఏళ్లలోపే రిటైరవుతాడు. పిల్లలింకా బడిలో ఉంటారు. ఏటా సుమారు 60,000 మంది ఇలా బయటికి వస్తారు. కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉంటే జీవితాంతం పింఛను. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలా తరతరాలుగా పిల్లల్ని సైన్యానికి పంపిన ఊళ్లలో ఆ పింఛను విలువ వేరే చెప్పక్కర్లేదు. రిటైరై వచ్చిన మనిషి కిరాణా కొట్టు పెట్టినా, గేదెలు కొన్నా, ట్రాక్టర్ తిప్పినా మొదటి ఏడాది నష్టం వస్తే ఇల్లు పస్తులుండదు. ఏ పథకం కాగితంలోనూ రాయలేదు గానీ, అసలు పెట్టుబడి అదే.

ప్రభుత్వం విడిగా చేసిన సాయం ఎక్కువగా కేటాయింపుల రూపంలో నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి అసైన్ చేయడం పాత పద్ధతి. గ్యాస్ ఏజెన్సీలు, పెట్రోల్ బంకుల్లో 8 శాతం రక్షణ కోటా పెట్టారు. దాంట్లో ముందు వరస అమరుల భార్యలది, గాయపడి వికలాంగులైనవారిది. అది న్యాయమే. కానీ ఒళ్లు బాగున్న మామూలు జవాను వంతు వచ్చేసరికి మిగిలేది తక్కువ. రక్షణ శాఖ కింది పునరావాస డైరెక్టరేట్, అంటే డీజీఆర్, బొగ్గు లోడింగ్, రవాణా కంపెనీలనూ సెక్యూరిటీ ఏజెన్సీలనూ ప్రోత్సహించింది. వాటిలో యాజమాన్యం ఎక్కువగా రిటైరైన అధికారులది, గేటు దగ్గర నిలబడేది జవాను. అధికారులకు ఐఐఎంలలో మేనేజ్‌మెంట్ కోర్సులు కూడా ఉన్నాయి. ఈ తేడా నాకు బాధ కలిగిస్తుంది. సరిహద్దులో రేషనూ మందుగుండూ లెక్క తప్పకుండా చూసుకున్న హవల్దారుకు కొట్టు నడపడం చేతకాదా?

అప్పుల విషయానికొస్తే, 1980ల చివర మాజీ సైనికుల కోసం సెమ్‌ఫెక్స్ పేరుతో స్వయం ఉపాధి పథకాలు మొదలయ్యాయి. తర్వాత 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అంటే పీఎంఈజీపీ, మాజీ సైనికులను ప్రత్యేక వర్గంలో చేర్చింది. పల్లెలో 10 లక్షల యూనిట్ పెడితే సొంత వాటా 50 వేలు చాలు, సబ్సిడీ మూడున్నర లక్షలు. జనరల్ వర్గానికైతే సొంత వాటా లక్ష, సబ్సిడీ రెండున్నర లక్షలు. సబ్సిడీ డబ్బు మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది చివరికి బ్యాంకు నిర్ణయమే. అయినా ఇది అక్కరకొచ్చే పథకమే.

బయటి దేశాల్లో చూస్తే, అమెరికాలో యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం 1944లో చేసిన జీఐ బిల్లు అనే చట్టం ప్రకారం 90 రోజుల సర్వీసున్న రెండో ప్రపంచ యుద్ధ సైనికుడికి కూడా వ్యాపార రుణంలో సగానికి, 2,000 డాలర్ల దాకా, ప్రభుత్వం పూచీ పడింది. ఆచరణలో వివక్ష ఘోరం. 1947లో మిసిసిపీలో ఇచ్చిన మూడు వేలకు పైగా ఇళ్ల, పొలాల, వ్యాపార రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండే. తర్వాతి కాలంలో అప్పు ఒక్కటే చాలదని గ్రహించి, 1999లో ఫెడరల్ కాంట్రాక్టుల్లో 3 శాతం సర్వీసులో వికలాంగులైన సైనికుల సంస్థలకు లక్ష్యంగా పెట్టారు. ఇటీవల దాన్ని 5 శాతం చేశారు. మన 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానంలో చిన్న సంస్థలకు వాటా ఉంది, అందులో ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఉపవాటాలున్నాయి. మాజీ సైనికులకు లేదు.

అగ్నివీరులకైతే పింఛనే కాదు, ఎక్స్ సర్వీస్‌మెన్ హోదా కూడా ఇవ్వరు. ఇది నియామక నిబంధనల్లోనే ఉంది. హోదా లేకపోతే ఆ హోదా మీద వచ్చే రాయితీలు అడగడానికి ఆధారమే ఉండదు. 2022 జూన్‌లో ఈ పథకం మీద నిరసనలు చెలరేగి, సికింద్రాబాద్ స్టేషన్‌లో కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ రోజుల్లోనే ఆర్థిక శాఖ బ్యాంకులతో సమావేశమై ముద్ర, స్టాండప్ ఇండియా రుణ పథకాల ద్వారా వీరికి సాయం చేయాలంది. ముద్ర అందరికీ ఉన్నదే. స్టాండప్ ఇండియా ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఉద్దేశించినది, దాని గడువు కూడా 2025 మార్చితో ముగిసింది. కేంద్ర బలగాల్లో 2022లో 10 శాతం కోటా ప్రకటించారు గానీ, అది మళ్లీ ఉద్యోగమే.

కనీసం పీఎంఈజీపీ ప్రత్యేక వర్గంలో, నాలుగేళ్ల సర్వీసు ముగించినవారిని కూడా చేర్చాలి. కొత్త పథకం అక్కర్లేదు, ఉన్న జాబితాలో ఒక వర్గం కలపాలి. తొలి బ్యాచ్‌ల గడువు 2026 చివరి నుంచి తీరుతుంది. ఆ పని అంతకు ముందే జరగాలి.