ఈసీలో ఏమీ లేదంటే టైటిల్ క్లియర్ అని కాదు

దస్తావేజు రాయించుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాళ్లు ఈమధ్య ముందుగా ఫోన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తెరిచి చూపిస్తున్నారు. "ఏమీ లేదండీ, రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసేయండి" అంటున్నారు. వాళ్లను తప్పుపట్టను. జీవితంలో ఒక్కసారి ఇల్లు కొనేవాళ్లకు ఇవన్నీ ఎలా తెలుస్తాయి? తెలిసీ తెలియక చెప్పి పంపేవాళ్ల మీదే నా కోపం.

అపోహ: ఈసీ శుభ్రంగా ఉంది, సబ్ రిజిస్ట్రారే రిజిస్టర్ చేస్తున్నారు, ఇక ఆస్తికి ఢోకా లేదు.

వాస్తవం: ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ కాని అగ్రిమెంటు, వీలునామా, నోటిమాట పంపకం, వారసుల వాటాలు అందులోకి రావు. సబ్ రిజిస్ట్రార్ స్టాంపు డ్యూటీ సరిపోయిందా, సంతకం పెట్టింది ఆ మనిషేనా, ఆస్తి 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్టర్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందా అని చూస్తారు. అమ్మేవాళ్లకు హక్కు ఉందో లేదో తేల్చడం ఆయన పని కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఆ అధికారం ఇవ్వలేదని తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మొన్నామధ్య ఇల్లు కొనడానికి ఒక జంట, అమ్మే ఆయనతో కలిసి వచ్చారు. ఈసీ శుభ్రంగానే ఉంది. పాత కాగితాలు తిరగేస్తే, ఆ ఇల్లు అమ్మే ఆయన నాన్నగారు సొంత సంపాదనతో కొన్నది. వీలునామా రాయకుండానే ఆయన పోయారు. తెచ్చిన డ్రాఫ్టులో "నా తండ్రిగారి వలన వారసత్వముగా సంక్రమించి నా స్వాధీనానుభవములో ఉన్న" అని ఉంది. ఆ లైను మీద వేలు పెట్టి, "మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా అండీ?" అని అమ్మే ఆయన్ను అడిగాను.

"ఇద్దరండీ. కట్నాలిచ్చి పంపేశాం కదా!"

కట్నం ఇస్తే వాటా తీరిపోదు. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతుళ్లకు సమాన వాటాలు. పిత్రార్జితమైతే, 2005 సవరణతో కూతురూ కొడుకుతో సమానమే. వాళ్లమ్మగారు కూడా ఉన్నారు కాబట్టి ఆయన ఒక్కడే అమ్మగలిగింది నాలుగో వంతు! కొనే ఆవిడ మొహం వాడిపోయింది, బంగారం తాకట్టు పెట్టి అడ్వాన్సు ఇచ్చారట. చివరికి అమ్మగారు, అక్కచెల్లెళ్లు కూడా వచ్చి సంతకాలు పెట్టేలా దస్తావేజు కొత్తగా రాశాం. అందుకే ఈసీతో పాటు లింకు డాక్యుమెంట్ల (ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజుల) ఒరిజినల్సూ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టూ అడగండి. ఒరిజినల్ చూపించడానికి నసుగుతుంటే అడ్వాన్సు ఇవ్వకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"అంతా ఆన్‌లైనే, ఆఫీసుకు వెళ్లక్కర్లేదు." వివరాలు ఎక్కించడం, చలానా, స్లాట్ వరకే ఆన్‌లైన్. వేలిముద్రలకు, ఫోటోకు సాక్షులతో సహా ఆఫీసుకు రావాల్సిందే. సర్వే నంబరు, హద్దులు ఎక్కించేటప్పుడు పాత దస్తావేజు పక్కన పెట్టుకోండి. తప్పు పడితే సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లను మళ్లీ బతిమాలుకోవాలి.

"జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికారపత్రం) ఉంటే చాలు." చాలదు. జీపీఏతో యాజమాన్య హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

"స్లాట్ తప్పితే దస్తావేజు చెల్లదు." ఉత్త పుకారు. సంతకాలైన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వొచ్చు.

"అమెరికాలో ఉన్న అబ్బాయి రాకపోతే పని కాదు." కంగారు పడకండి. తన తరఫున ఇక్కడివాళ్లు సంతకం పెట్టేలా అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపమనండి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టాలి. ఎప్పుడు చేరిందో చూపించడానికి అది వచ్చిన కవరు పారేయకండి.